ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నీతి, తత్వ సంప్రదాయం

మనిషి ఎందుకు తప్పు చేస్తాడు, కోపం ఎక్కడ పుడుతుంది, స్నేహం ఎలా చెడుతుంది, చావు ఎదుట బతుకుకు అర్థమేమిటి అనే ప్రశ్నలకు నెల్లూరు జిల్లా పడమటి భాగం అయిదు వందల ఏళ్ళకు పైగా జవాబులు వెతుకుతూ వచ్చింది. వెలిగొండల పక్కన ఉన్న ఉదయగిరి దుర్గంలో 15వ శతాబ్దిలో మూడు కావ్యాలు వెలువడ్డాయి. ఆత్మకూరు పరిసరాల్లో సూఫీలు, అవధూతలు సామాన్య జనానికి దారి చూపారు. 20వ శతాబ్ది చివర ఇదే ప్రాంతంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఒక పాఠంలోని కథను తమ ఊరి కథగా మార్చుకున్నారు. రూపాలు వేరైనా వీటన్నిటిలోనూ కనిపించే ఆలోచన ఒకటుంది. మనిషిని చెడగొట్టేది చెడ్డ బుద్ధి ఒక్కటే కాదు, విచారించకుండా ముందడుగు వేయడం కూడా. ఈ ప్రాంతపు నీతి సంప్రదాయంలో విచారణకు దక్కినంత గౌరవం మరే గుణానికీ దక్కలేదు.

నేల స్వభావం ఈ ఆలోచనకు కొంత కారణం. ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు, దుత్తలూరు వైపు ఉన్నది మెట్ట నేల. వాన మీద ఆధారపడిన సేద్యం, చెరువు నిండితే వరి, నిండకపోతే వలస. పెన్న ఒడ్డు ఊళ్ళకు సోమశిల జలాశయం నీళ్ళిచ్చినా ఎగువన ఉన్న మెట్ట పల్లెలకు కరువు పాత చుట్టమే. కరువులో అధిక మాసం అనే సామెత ఇలాంటి చోట అక్షరాలా అనుభవంలోకి వస్తుంది. కరువుకు దాసర్లయితే పదాలెక్కడ వస్తాయి అనే మరో సామెతలో మనుషుల మీద లోతైన పరిశీలన ఉంది. పొట్టకోసం వేసుకున్న వేషానికీ, లోపలి నుంచి వచ్చిన విద్యకూ మధ్య తేడాను అది ఒక్క వాక్యంలో చెబుతుంది. తెలుగు సామెతలను కెప్టెన్ కార్ 1868లో మద్రాసు నుంచి ఆంధ్రలోకోక్తిచంద్రిక పేరుతో అచ్చువేశాడు. పండితులు పట్టించుకోని ఈ జ్ఞానానికి పుస్తకంలో చోటు దొరకడం అప్పటికి పెద్ద విషయం.

పూర్వరంగం

ఉదయగిరి కావ్యాలకు ముందే నెల్లూరు సీమలో నీతి చర్చకు గట్టి పునాది పడింది. 13వ శతాబ్దిలో నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. వాటిలో విదురుడు ధృతరాష్ట్రుడికి రాత్రంతా చెప్పిన నీతి, భీష్ముడు అంపశయ్య మీద ధర్మరాజుకు చేసిన బోధ ఉన్నాయి. నిద్ర పట్టని రాజు, రాజ్యం గెలిచి దుఃఖపడుతున్న రాజు. ఈ ఇద్దరి దగ్గర మొదలవుతుంది కాబట్టే ఆ బోధలో పొడి ఉపదేశం తక్కువ, మనసు చదివిన లోతు ఎక్కువ. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. అదే శతాబ్దిలో బద్దెన నీతిశాస్త్రముక్తావళి రచించాడు. సుమతీ శతకం కూడా ఆయనదేనని ప్రసిద్ధి. తరువాత మడికి సింగన నీతి గ్రంథాలనుంచి ఏర్చి కూర్చిన సకలనీతిసమ్మతం వచ్చింది. ఉదయగిరి కవులు కలం పట్టే నాటికి తెలుగులో నీతి ఒక స్థిరమైన సాహిత్య శాఖ.

ఉదయగిరి దుర్గం

ఉదయగిరి కొండకోట గజపతులకూ విజయనగర రాజులకూ మధ్య సరిహద్దు తాళం లాంటిది. అది ఎవరి చేతిలో ఉంటే తూర్పు తీరానికి దారి వారిది. అందుకే అది పలుమార్లు చేతులు మారింది. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో దీనిని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్ళి దానికోసం ఆలయం కట్టించాడు. తర్వాతి కాలంలో ఆయన ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుకుకు రాజ్యం అప్పగిస్తూ చేసే రాజనీతి బోధను చేర్చాడు. దుర్గాలను ఎవరికి అప్పగించాలి, మంత్రులను ఎలా పరీక్షించాలి వంటి విషయాల్లో ఆ బోధ చూపే జాగ్రత్త యుద్ధభూమిలో నేర్చుకున్న మనిషిది.

ఈ ముట్టడికి ముందు తరంలో, 15వ శతాబ్ది ఉత్తరార్ధంలో, ఉదయగిరి పాలకుడు బసవరాజు. కావ్యాలలో బసవభూపాలుడిగా కనిపించేది ఈయనే. ఆయన మంత్రి గంగయ. దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని బసవరాజుకు అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ప్రబోధచంద్రోదయాన్ని గంగయ మంత్రికి అంకితం చేశారు. శ్రీనాథుడి మరది దగ్గుపల్లి దుగ్గన నాసికేతోపాఖ్యానం కూడా గంగయ మంత్రికే అంకితమైంది. రాజుకు లోకజ్ఞానం, మంత్రికి ఆత్మజ్ఞానం, చావు గురించిన విచారం. ఒకే కొలువు చుట్టూ ఇలాంటి మూడు పుస్తకాలు చేరడం తెలుగు సాహిత్య చరిత్రలో అరుదు. శృంగార ప్రబంధాలకు ఇచ్చిన శ్రద్ధలో పదో వంతు కూడా విమర్శకులు ఈ మూడింటికీ కలిపి ఇవ్వకపోవడం న్యాయం కాదు.

దూబగుంట నారాయణకవి పంచతంత్రం

పంచతంత్రానికి మూలం సంస్కృతం. చదువు ఒంటబట్టని ముగ్గురు రాజకుమారులకు విష్ణుశర్మ అనే పండితుడు కథల ద్వారా నీతి నేర్పినట్లు దాని చట్రం. 6వ శతాబ్దిలో బుర్జోయ్ అనే పారశీక వైద్యుడు దీన్ని పహ్లవీ భాషలోకి తీసుకుపోయాడు. 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలో కలీలా వ దిమ్నాగా మార్చాడు. అక్కడి నుంచి పలు ఐరోపా భాషలకు చేరింది. తెలుగు పద్యంలోకి తెచ్చిన తొలి కవుల్లో నారాయణకవి ముఖ్యుడు. తర్వాత బైచరాజు వేంకటనాథకవి మరో పద్య పంచతంత్రం రాశాడు. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక మొదటి రెండు తంత్రాలను వచనంలో చెప్పి బడిపిల్లల పుస్తకంగా నిలిచింది.

ఈ కథల్లో జంతువులు మాట్లాడతాయి గాని, అవి పిల్లల కథలు కావు. మిత్రభేదంలో పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ స్నేహం కుదురుతుంది. దమనకుడనే నక్క ఆ స్నేహాన్ని చెడగొడుతుంది. నక్క అబద్ధాలతోనే ఆగదు. ఇద్దరిలోనూ ముందే ఉన్న భయాన్ని రెండు వైపులా కొంచెం కొంచెంగా పెంచుతుంది. సింహం తోక కదిలితే ఎద్దుకు అదే సాక్ష్యంగా కనిపిస్తుంది, ఎద్దు కొమ్ము వంచితే సింహానికి అదే రుజువు. ఇద్దరూ ఎదురుపడి ఒక్క మాట అడిగి ఉంటే కథ అక్కడితో ఆగేది. స్నేహాలు ద్వేషం వల్ల కంటే అడగకపోవడం వల్లే ఎక్కువగా చెడతాయన్న గమనింపు ఇది.

మిత్రలాభంలో కాకి, ఎలుక, తాబేలు, జింక కలిసి బతుకుతాయి. వాటిలో ఏ ఒక్కదానికీ వేటగాణ్ణి ఎదిరించే బలం లేదు. ఒకదాని కంటిచూపు, ఒకదాని పళ్ళు, ఒకదాని కాళ్ళు కలిస్తేనే ప్రాణం దక్కుతుంది. సంధివిగ్రహంలో కాకుల ముసలి మంత్రి తనవాళ్ళు తరిమేశారని నటిస్తూ గుడ్లగూబల గుహలో చేరతాడు. గుడ్లగూబల కొలువులో ఒక్క మంత్రి మాత్రమే అతణ్ణి నమ్మవద్దంటాడు, ఆ మాట ఎవరూ వినరు. చివరికి గుహ కాలిపోతుంది. కోటలో కూర్చున్న పాలకుడికి ఇంతకంటే దగ్గరి పాఠం ఉండదు. శరణు వచ్చినవాణ్ణి ఆదరించడం ధర్మం, అతని మాటను పరీక్షించడం కూడా ధర్మమే. కథ ఈ రెండింటిలో దేన్నీ కొట్టిపారేయదు.

అయిదో తంత్రంలో ముంగిస కథ ఉంది. పాము నుంచి పసిబిడ్డను కాపాడిన ముంగిస నోటి నెత్తురు చూసి, బిడ్డను చంపిందనుకుని ఇంటివాళ్ళు దాన్ని చంపేస్తారు. లోపలికి వెళ్ళి చూశాక అసలు సంగతి తెలుస్తుంది. కోపానికీ విచారణకూ మధ్య ఉన్న దూరం కొన్ని క్షణాలే. ఆ క్షణాలు ఆగలేకపోవడమే మనిషి దుఃఖాల్లో పెద్ద భాగం.

ప్రబోధచంద్రోదయం

11వ శతాబ్దిలో చందేల్ల రాజు కీర్తివర్మ కాలంలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన నాటకం ప్రబోధచంద్రోదయం. తెలుగు కవులు దాన్ని పద్యకావ్యంగా మార్చారు. నాటకాలను కావ్యాలుగా మలచడం ఆ శతాబ్దిలో వాడుకే. పిల్లలమర్రి పినవీరభద్రుడు శాకుంతలాన్నీ అలాగే చేశాడు. నంది మల్లయకు ఘంట సింగయ మేనల్లుడు. సింగయకు మలయమారుతకవి అనే బిరుదు ఉంది. జంటగా కావ్యం చెప్పిన తొలి తెలుగు కవులుగా వీరికి పేరు. శ్రీకృష్ణదేవరాయల తండ్రి తుళువ నరసనాయకుడికి వరాహపురాణం అంకితమిచ్చింది వీరే.

ఈ కృతిలో పాత్రలన్నీ మనిషి లోపలివే. మనసు అనే రాజుకు ప్రవృత్తి, నివృత్తి అని ఇద్దరు భార్యలు. ఒకరి కొడుకు మహామోహుడు, మరొకరి కొడుకు వివేకుడు. మంచి, చెడు ఇక్కడ పరాయి దేశాల సైన్యాలు కావు, ఒకే తండ్రి బిడ్డలు. మోహుడి పక్షాన కాముడు, క్రోధుడు, లోభుడు, అహంకారుడు, దంభుడు నిలుస్తారు. వివేకుడి పక్షాన శ్రద్ధ, శాంతి, కరుణ, మైత్రి, క్షమ, సంతోషం, వస్తువిచారం ఉంటాయి. యుద్ధం కాశీలో జరుగుతుంది.

మూలంలో అహంకారుడు దంభుడి ఇంటికి వచ్చే ఘట్టం మనిషి మనసును చదివిన తీరులో అద్భుతం. దంభుడు మడి పేరు చెప్పి, వచ్చినవాడి చెమట గాలికి తన మీద పడుతుందని దూరంగా నిలబెడతాడు. తీరా మాటల్లో తెలిసేదేమంటే వచ్చినవాడు సొంత తాతే. అహంకారానికి లోభం కొడుకు, లోభానికి దంభం కొడుకు. గర్వం నుంచి ఆశ, ఆశ నుంచి నటన పుడతాయని ఇంత సూటిగా చెప్పిన వంశవృక్షం మరొకటి లేదు.

ఎవరు ఎవరిని ఓడిస్తారన్నది కూడా ఆలోచించి పెట్టిన లెక్కే. క్రోధాన్ని ఓడించేది మరింత బలమైన క్రోధం కాదు, క్షమ. లోభాన్ని ఓడించేది దానం కాదు, సంతోషం. ఉన్నది చాలనుకోలేనివాడు దానం చేసినా దానికీ ప్రతిఫలం వెతుకుతాడు. కాముణ్ణి గెలిచేది వస్తువిచారం, అంటే కోరుకున్నది నిజానికి ఏమిటో నిలబడి చూడటం. నిషేధం, భయం, శిక్ష ఈ జాబితాలో లేవు.

అన్నిటికన్నా లోతైన భాగం యుద్ధం ముగిశాక వస్తుంది. చెడ్డవాళ్ళంతా చచ్చారు. మనసు సంతోషించాలి. కాని ఏడుస్తుంది. చచ్చినవాళ్ళు తన బిడ్డలే కదా. అలవాటైన దుర్గుణం పోయినప్పుడు మనిషికి కలిగే వెలితిని, పాత జీవితం మీద మిగిలే మమకారాన్ని కవి దాచలేదు. సరస్వతి వచ్చి మనసును ఓదార్చి నివృత్తితో కలిపిన తర్వాతే ప్రబోధం అనే చంద్రుడు ఉదయించే వీలు కలుగుతుంది. మారాలనుకునే మనిషికి ఓదార్పు కూడా అవసరమని గుర్తించిన గ్రంథాలు తక్కువ.

నాసికేతోపాఖ్యానం

కఠోపనిషత్తులో తండ్రి యజ్ఞంలో పనికిరాని ఆవులను దానం చేస్తుంటే, నన్నెవరికిస్తావని నచికేతుడు అడుగుతాడు. విసిగిన తండ్రి యముడికిస్తానంటాడు. బాలుడు యముడి వాకిట మూడు రాత్రులు ఉపవాసముండి మూడు వరాలు పొందుతాడు. సుఖాన్నిచ్చేదీ మేలు చేసేదీ వేరువేరని, తెలివైనవాడు మేలును ఎంచుకుంటాడని యముడు అతనికి చెబుతాడు. పురాణాల్లో ఇది నాసికేతుడి కథగా పెరిగింది. హోమానికి కావలసినవి తేవడంలో ఆలస్యమైన కొడుకును ఉద్దాలకుడు యముడి దగ్గరికి పొమ్మంటాడు. కొడుకు వెళతాడు. అన్న మాట వెనక్కి రాదని తండ్రి కుప్పకూలతాడు. బాలుడు తిరిగివచ్చి తాను చూసిన యమలోకాన్ని మునులకు వివరిస్తాడు. దుగ్గన తెలుగులోకి తెచ్చినది ఈ కథనే. నరకవర్ణనలు పాత కాలపు భయాలు కావచ్చు. తండ్రి నోరు జారిన ఆ ఒక్క క్షణం మాత్రం ఏ ఇంట్లోనైనా నేటికీ జరిగేదే.

సూఫీలు, తత్వవేత్తలు, అవధూతలు

కావ్యాలు చదువుకున్నవారి వరకే చేరాయి. మిగతా జనానికి జీవితసత్యాలు మాట ద్వారా, పాట ద్వారా, మనుషుల ద్వారా అందాయి. వెలిగొండలకు పడమట కడప జిల్లా కందిమల్లయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు సిద్దయ్యల తత్వాలు భజన గుంపుల ద్వారా వ్యాపించాయి. కులమూ మతమూ మనిషి లోపలి వెలుగుకు అడ్డురావని చెప్పడానికి దూదేకుల సిద్దయ్యే నిదర్శనం.

ఆత్మకూరుకు దగ్గరలోని అనుమసముద్రంపేటలో 18వ శతాబ్ది సూఫీ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. ఏటా జరిగే గంధం ఉత్సవానికి ముస్లిములతో పాటు హిందువులూ పెద్ద సంఖ్యలో వస్తారు. మనోవ్యాధులున్నవారిని తీసుకొచ్చి కొన్నాళ్ళు ఇక్కడ ఉంచడం పాత ఆచారం. వైద్యానికి ఇది బదులు కాదు. అయినా ఇంట్లోవాళ్ళు కూడా విసిగిపోయిన మనిషిని పదిమంది మధ్య కూర్చోబెట్టే చోటు ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

చేజర్ల మండలం నాగులవెల్లటూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన వెంకయ్యస్వామిని మొదట జనం పిచ్చివాడన్నారు. ఊళ్ళు తిరుగుతూ, ధుని పక్కన కూర్చుంటూ, వచ్చినవారికి నూలుదారం ఇచ్చేవాడు. ఆయన చెప్పిన మాటలను దగ్గరున్నవారు చీటీల మీద రాసేవారు. 1982 ఆగస్టు 24న గొలగమూడిలో దేహం వదిలాడు. సీతారామపురం మండలం బెడుసుపల్లిలో పుట్టిన కాశిరెడ్డి నాయన దారి వేరు. ఆయన పాడుబడ్డ గుడులను బాగుచేయించి, వాటి దగ్గర అన్నదాన సత్రాలు పెట్టించాడు. భక్తులు సత్రాలకు ధాన్యం పంపడం, వండటం, వడ్డించడం సాధనగా మారింది. 1995లో ఆయన సమాధి చెందిన జ్యోతి క్షేత్రం కడప జిల్లాలో ఉంది, అక్కడి మండలానికి ఆయన పేరే పెట్టారు. కరువు సీమలో పుట్టిన తత్వానికి అన్నం పెట్టడం కేంద్రం కావడం సహజం. ఆకలిగొన్నవాడికి చెప్పే వేదాంతం చెవికెక్కదని ఆయన ఆచరణే చెప్పింది.

సంప్రదాయంలో వెలుగే కాదు, చీకటీ ఉంది. దుత్తలూరు మండలం నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు ఆలయానికి ఏటా జ్యేష్ఠంలో వేల మంది వస్తారు. అగ్నిప్రవేశం చేసిన స్త్రీని ఊరు దేవతగా కొలుస్తోంది. ఆమె సహనం, సేవల మీద భక్తి వేరు, ఆ మరణాన్ని ఆదర్శంగా చూడటం వేరు. మద్రాసు ప్రెసిడెన్సీ సతీసహగమనాన్ని 1830లో చట్టంతో నిషేధించింది. స్త్రీ ధర్మం ఓర్చుకోవడమేనన్న పాత పాఠాన్ని మార్చి రాసింది మాత్రం ఈ ప్రాంతపు ఆడవాళ్ళే.

దూబగుంట, సీతమ్మ కథ

పంచతంత్ర కవి ఇంటిపేరులో ఉన్న పేరే కలిగిన దూబగుంట అనే పల్లె ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలంలో ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట పని ముగించుకుని ఆడవాళ్ళు పలకలతో కూర్చునేవారు. వారి వాచకంలో సీతమ్మ అనే ఆమె కథ ఉంది. తాగుడుతో చితికిన ఇంటి ఇల్లాలు, తోటి స్త్రీలను కూడగట్టి ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించిన కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ దాన్ని చదివిన దూబగుంట స్త్రీలు, ఇది మన ఊరి సంగతే కదా అనుకున్నారు. రోజుకూలి సారాకు పోతోంది, పిల్లలు పస్తులుంటున్నారు, దెబ్బలు తినేది తామే. పాఠం గురించి మాట్లాడుకోవడం సారా గురించి మాట్లాడుకోవడమైంది. తర్వాత దుకాణం ముందు నిలబడటమైంది. ఆ స్త్రీలలో ఒకరైన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది.

నీతికథ చేయగలిగిన పనికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. రాజు కొడుకులకు కథలు చెప్పి తెలివి నేర్పిన విష్ణుశర్మ పద్ధతే ఇది, వినేవాళ్ళు మారారు. ఉపదేశం చేసిన గురువు లేడు. కథను తమ బతుకుతో పోల్చి చూసుకున్న విచారణే వారిని కదిలించింది. ఉద్యమం పల్లె నుంచి పల్లెకు పాకి, నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయే దాకా వెళ్ళింది. ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేసినా, దూబగుంట స్త్రీలు మొదట అడిగిన సారా నిషేధం మాత్రం రద్దు కాలేదు.